మజ్జిగ మరక రాజీ

ఒకానొక రాజ్యంలో, అంటే మూడు కొండలూ ఒక్క కాలువా ఉన్నంత రాజ్యంలో, రణధీరవర్మ అనే రాజుగారు ఉండేవారు. మనసు వెన్న. కాకపోతే తనంత గొప్పగా పత్రాలు రాసేవాడు భూమ్మీద లేడని ఆయన నమ్మకం. ఒక్క ముక్కలో తేలేదానికి పది ముక్కలు రాసి, సభలో గొంతు సవరించుకుని చదివేవారు. సభ ఆహా అనేది. అనక ఏం చేస్తుంది!

విదూషకుడు కూర్మయ్య మాత్రం ఆవలించేవాడు. అయినా రాజుగారికి అతనంటే ప్రాణం. మధ్యాహ్నం భోజనమయ్యాక కూర్మయ్య కథ చెబితేగాని ఆయనకు కునుకు పట్టేది కాదు.

ఒకనాడు పట్టపుటేనుగు గొలుసు తెంచుకుని, పైడితల్లి అనే ఆమె తమలపాకు తోటలో పడి నాలుగు వరసలు తొక్కేసింది. రాజుగారు నొచ్చుకుని కొత్త తీగలు నాటించారు, చీర పెట్టారు. ఆపైన స్వయంగా రాజీ పత్రం రాశారు. "రాజుగారి మీద నాకున్న సమస్త హక్కులూ, తెలిసినవీ తెలియనివీ, నేటివీ రేపటివీ, వదులుకున్నాను." చదువురాని పైడితల్లి వేలిముద్ర వేసింది.

వారం తిరక్కుండానే ఆమె కళ్లొత్తుకుంటూ కూర్మయ్య ఇంటికి వచ్చింది.

"రాజుగారి కాలవ నీళ్లలో నా వంతు ఆపేసినారు బాబూ. నీళ్లడగడం నీ హక్కు, హక్కులన్నీ వదిలేసుకున్నావు గదా అంటన్నాడు నీళ్లొదిలే ఆయన. తీగలు వాడిపోతన్నాయి. ఇంకో నాలుగు రోజులైతే తోట ఉండదు."

"రాజుగారితో చెప్పుకున్నావా?"

"సెప్పినాను బాబూ. నా పత్రంలో ఒక్క అక్షరమూ ఊరికే రాయలేదన్నారు."

కూర్మయ్య ఆమెను ఓదార్చి పంపి ఆలోచనలో పడ్డాడు. రాజుగారు చెడ్డవారైతే హాయిగా తిట్టుకోవచ్చు. ఆయనేమో తన రాతను తనే కాదనలేక బిగుసుకు కూర్చున్నారు.

మర్నాడు భోజనాల వేళ కూర్మయ్య చేతిలోని మజ్జిగ కాస్తా రాజుగారి కొత్త పట్టు ఉత్తరీయం మీద ఒలికింది.

"ఒళ్లు తెలియడం లేదట్రా?" అని రాజుగారు మండిపడ్డారు.

"తప్పయింది ప్రభూ. క్షమిస్తే చాలదు, మీ చేత్తో రాజీ పత్రం రాసివ్వండి. పైడితల్లి పత్రమంత గొప్పగా ఉండాలి, ఒక్క అక్షరం తగ్గకూడదు."

ఆ పొగడ్తకు రాజుగారి కోపం ఇట్టే కరిగిపోయింది. "కూర్మయ్య మీద నాకున్న సమస్త హక్కులూ, తెలిసినవీ తెలియనివీ, నేటివీ రేపటివీ, వదులుకున్నాను" అని రాసి, సభలో రాగం తీసి చదివి మరీ ముద్ర వేశారు.

మరునాడు కథకు కూర్మయ్య రాలేదు. భటులు వెళ్లి పిలిచినా రాలేదు. రెండు మధ్యాహ్నాలు రాజుగారు మంచం మీద అటూ ఇటూ దొర్లారు. మూడోనాడు ఎర్రబడ్డ కళ్లతో, సభనంతా వెంటేసుకుని, పల్లకీలో కూర్మయ్య ఇంటికే బయల్దేరారు. కూర్మయ్య అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు.

"నన్ను చూసి లేవవేం?"

"లేవమనే హక్కు వదులుకున్నారు ప్రభూ."

"మరి నా కథ?"

"అదీ వదులుకున్నారు. తమ పత్రంలో ఒక్క అక్షరమూ ఊరికే ఉండదు కదా!"

"ఓరి నీ తస్సాదియ్యా! అది మజ్జిగ ఒలికిందని రాసుకున్న పత్రంరా! ఆ వేళ మన మధ్య ఉన్న తగవు మరకొక్కటే. మరక గురించి రాజీపడితే నిన్నే వదులుకున్నట్టా?"

కూర్మయ్య చటుక్కున లేచి చేతులు జోడించాడు.

"ఈ తీర్పు కోసమే కాచుకుని కూర్చున్నాను ప్రభూ. ఆ వేళ పైడితల్లికీ మీకూ ఉన్న తగవు ఏనుగొక్కటే. ఆవిడ నీళ్లెప్పుడు వదులుకుంది?"

రాజుగారు పల్లకీ ఊగిపోయేలా నవ్వారు. అప్పటికప్పుడు మనిషిని పంపి పైడితల్లి తోటకు నీళ్లు వదిలించారు. అక్కడే తాటాకు తెప్పించుకుని పాత పత్రం రద్దు చేసి కొత్తది రాశారు. "ఏనుగు తొక్కిన నాలుగు వరసల గురించి ఇక తగవు లేదు." అంతే! పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒక్క ముక్కలో ముగించిన పత్రం అదే. ఈసారి ముందుగా ఆహా అన్నవాడు కూర్మయ్య.

రాజుగారు మెడలోని ముత్యాలహారం తీసి అతని మెడలో వేశారు. మరక పడ్డ ఉత్తరీయం కూడా కప్పారు.

"ఇక కథ చెప్పరా. ఆజ్ఞ కాదులే, అడుగుతున్నాను."

కూర్మయ్యకు కళ్లు చెమర్చాయి. రాజుగారిని పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాడు. కథలో రాజు ఇంకా సింహాసనం ఎక్కకముందే, అసలు రాజుగారు ఆ అరుగు మీదే గుర్రుపెట్టారు.