తదితరులు

గోదావరి లంకల్లో బుర్రకథలు చెప్పే ఒక దళంలో త్రిమూర్తులు అనే వంతగాడు ఉండేవాడు. అతనికి తలలో లోకజ్ఞానం ఎంత ఉండేదో, కడుపులో ఓర్వలేనితనమూ అంతే ఉండేది.

దళమంటే ముగ్గురే. నడుమ తంబురా పట్టి కథ చెప్పేది వెంకాయమ్మ. ఆమెకు కుడిపక్కన త్రిమూర్తులు, ఎడమపక్కన అబ్బులు నిలబడి డక్కీలు వాయిస్తూ "తందాన తాన" అని వంత పాడేవారు. వెంకాయమ్మ గుక్క తిప్పుకునేటప్పుడు వీళ్లిద్దరూ ఊరి సంగతులూ దేశం సంగతులూ మాట్లాడుకునేవారు. కుడి వంతది రాజకీయం, ఎడమ వంతది హాస్యం. అంటే ప్రశ్న త్రిమూర్తులుది, జవాబు అబ్బులుది. నవ్వు మాత్రం ఎప్పుడూ జవాబుకే వచ్చేది.

ఆ లంకల్లో ఒక అలవాటు ఉండేది. కథకు ముందు ప్రెసిడెంటు గారు మైకు పట్టుకుని ప్రసంగించాలి. ప్రెసిడెంటంటే పంచాయతీ ప్రెసిడెంటే. లంకవాళ్లకు అంతకంటే పెద్ద ప్రెసిడెంటుతో ఏనాడూ పని పడలేదు. ఆ తర్వాత కథ మొదలై, రాత్రి పదకొండో పన్నెండో అయ్యేసరికి వంతలిద్దరూ ఆ ప్రసంగాన్ని ఉతికి ఆరేసేవారు. కథ కోసం కన్నా దానికోసమే జనం నిద్ర ఆపుకుని కూర్చునేవారు. ముందు వరసలో కూర్చున్న ప్రెసిడెంటు గారు కూడా నవ్వి తీరాలి. నవ్వకపోతే మర్నాడు ఊరంతా ఆయన్ను చూసి నవ్వేది.

ప్రసంగం వినే పని త్రిమూర్తులుది. అబ్బులు పగలంతా రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు కాబట్టి, ప్రెసిడెంటు గారు "సోదర సోదరీమణులారా" అనేసరికే తెర వెనక గుర్రు పెట్టేవాడు. గజ్జెలు కట్టుకునేటప్పుడు లేచి, కళ్లు నులుముకుంటూ "ఏమన్నారన్నయ్యా?" అని అడిగేవాడు. త్రిమూర్తులు నాలుగు ముక్కల్లో చెప్పేవాడు. అబ్బులు ఇంకెవరినీ అడిగేవాడు కాదు. త్రిమూర్తులు చెప్పాడంటే పేపర్లో పడ్డట్టే అనేవాడు.

కానీ త్రిమూర్తులుకు ఈ మాట చెవికెక్కేది కాదు. అతని చెవులు ఎప్పుడూ జనం నవ్వు మీదే ఉండేవి. రోజూ టీకొట్లో పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేది తను. దోమలు కుడుతున్నా నిలబడి ప్రసంగం వినేది తను. ఏ మాట పట్టుకుంటే నవ్వొస్తుందో ఏరి తెచ్చేదీ తనే. వండింది ఒకరు, వడ్డించి పేరు తెచ్చుకునేది ఇంకొకరు. పిల్లలు అబ్బులు వెనక పరిగెత్తేవారు. మిరపకాయ బజ్జీలు దించితే మొదటిది అబ్బులు చేతికే వెళ్లేది. అంతెందుకు, ఇంట్లో భార్య కూడా అన్నం వడ్డిస్తూ అబ్బులు మాట ఏదో తలుచుకుని ఫక్కున నవ్వేది. ఆ పూట త్రిమూర్తులుకు పప్పు చేదుగా ఉండేది.

ఒక ఏడాది కార్తీకమాసంలో వాళ్లకు మొగలిలంకలో కథ కుదిరింది. ఆ ఊరికి వంతెన లేదు. ప్రతి ఏడూ ప్రెసిడెంటు సుబ్బరాయుడు గారు వంతెన వేయిస్తాననేవారు, ప్రతి ఏడూ గోదావరి నవ్వుకుంటూ పోయేది. కిందటేడు అదే ఊళ్లో అబ్బులు, "వంతలం ఇద్దరం వచ్చేశామండి, వంతెనే ఇంకా రాలేదండి!" అంటే జనం పొట్టలు పట్టుకున్నారు. ఆ మాట పడవెక్కి పది లంకలు తిరిగింది. ఆ మాటకు ముందు ప్రశ్న ఎవరు వేశారో ఒక్కరికీ గుర్తులేదు.

పొద్దుగూకే వేళ ముగ్గురూ మొగలిలంక రేవులో దిగారు. రేవు పాక గోడకు పోస్టరు అంటించి ఉంది. త్రిమూర్తులు ఆగి చదివాడు. "కథ: వెంకాయమ్మ. నవ్వుల రేడు: అబ్బులు. మరియు తదితరులు."

ముగ్గురే ఉన్న దళంలో తదితరులంటే ఎవరు? తనొక్కడే. ఒక్క మనిషికి బహువచనం తగిలించి మరీ పేరు లేకుండా చేశారు. అతనికి ఒళ్లు మండిపోయింది.

"ఏం రాశారన్నయ్యా?" అన్నాడు అబ్బులు. అతని చదువు రెండో తరగతితోనే ఆగిపోయింది.

"నీ పేరే రాశార్లే. చూసుకుని మురిసిపో," అని త్రిమూర్తులు విసవిసా నడిచి వెళ్లిపోయాడు. అబ్బులు అక్షరాలు కూడబలుక్కుంటూ అక్కడే నిలబడిపోయాడు. పందిరి దగ్గరికి ఆలస్యంగా వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే తెర వెనక పడుకున్నాడు.

చీకటి పడ్డాక సుబ్బరాయుడు గారు మైకు దగ్గరికి వచ్చారు. త్రిమూర్తులు ఎప్పటిలాగే పందిరి రాట పక్కన నిలబడి విన్నాడు. ఆ రాత్రి ప్రసంగం ఎప్పటిలా లేదు.

"మన సూరన్న లేడు," అన్నారు ప్రెసిడెంటు గారు. "భాద్రపదం వరదలో పడవ తిరగబడితే పదకొండు మందిని ఒడ్డుకు చేర్చి, పన్నెండో మనిషి కోసం వెళ్లి తిరిగి రాలేదు. పన్నెండేళ్లుగా ఈ మైకులోంచే మీకు వంతెన ఇస్తానని చెప్పాను. ఇచ్చి ఉంటే సూరన్న ఈ రాత్రి ఇక్కడ కూర్చుని కథ వినేవాడు. ఈ ఏడు నేను ఏ మాటా ఇవ్వను. నన్ను క్షమించండి."

ఆయన కళ్లలోంచి నీళ్లు జారాయి. ముందు వరసలో సూరన్న భార్య నాగరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. త్రిమూర్తులు కూడా చెమర్చిన కళ్లు తుడుచుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాడు, చెడ్డది అతని కడుపులో ఉంది.

సరిగ్గా అప్పుడే నిర్వాహకుడొకాయన మైకు అందుకుని, "కాసేపట్లో మీ అందరి అభిమానం పొందిన నవ్వుల అబ్బులు గారి బుర్రకథ!" అన్నాడు. అంత దుఃఖంలోనూ జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లతో త్రిమూర్తులు కంటితడి ఇట్టే ఆరిపోయింది.

తెర వెనక అబ్బులు గజ్జెలు కట్టుకుంటూ ఆవులించాడు. "ఏమన్నారన్నయ్యా?"

త్రిమూర్తులు లోపల లెక్క వేసుకున్నాడు. నిజం చెబితే అబ్బులు ఏదో ఒక మంచి మాట అంటాడు. అప్పుడు ఏడుపులోనూ పేరు వాడిదే. వాడి నోటికి ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తాళం పడితే? జనం ముఖం తిప్పుకుంటే? అప్పుడు తను ముందుకొచ్చి సూరన్న గురించి నాలుగు గంభీరమైన మాటలు చెబుతాడు. తదితరులు ఎవరో ఊరికి తెలుస్తుంది.

"ఏముందిరా, పాత పాటే," అన్నాడు. "వంతెన వచ్చే ఏడాదన్నారు."

"ఆయ్! అయితే వంతెన మీదే కానిచ్చేద్దాం. ప్రశ్న నువ్వే వెయ్యి," అన్నాడు అబ్బులు. రెండో మాట అడగలేదు.

కథ మొదలైంది. పదకొండు గంటల వేళ వెంకాయమ్మ తంబురా దించి మంచినీళ్లు తాగింది. జనం సర్దుకుని కూర్చున్నారు. త్రిమూర్తులు డక్కీ మీద ఒక దెబ్బ వేసి అడిగాడు.

"ఏరా అబ్బులూ! ప్రెసిడెంటు గారి ప్రసంగం అయింది కదా. ఇంతకీ ఈ ఊరికి వంతెన ఎప్పుడొస్తుందంటావ్?"

వెంకాయమ్మ నీళ్ల చెంబు పట్టుకున్న చేత్తో అలాగే ఆగిపోయింది. ఆమె ప్రసంగం వింది. కానీ అబ్బులు నోరు అప్పటికే తెరుచుకుంది.

"తొందరేముందన్నయ్యా? ఈతొచ్చినోడు ఈదేస్తాడు. రానోడు మునుగుతాడు. మునిగినోడు పైకెళ్లి, దేవుడా వంతెనియ్యవయ్యా అంటాడు. దేవుడు మీసం దువ్వి, వచ్చే ఏడాదంటాడు. ఎంతైనా ఆయన కూడా ప్రెసిడెంటే కదండీ!"

మాట అనేసి, నవ్వు కోసం అలవాటుగా కాస్త ఆగాడు. నవ్వు రాలేదు. నాగరత్నం మోకాళ్లలో తల దాచుకుంది. వెనక నుంచి ఒకడు లేచి, "ఎవడ్రా నువ్వు, దించండ్రా వాణ్ణి!" అని అరిచాడు. పది మంది లేచారు. అబ్బులుకు ఏమీ అర్థం కాలేదు. నీళ్లు నములుతూ త్రిమూర్తులు వైపు చూశాడు. ఎప్పుడు దారి తప్పినా అతను చూసేది అటే.

త్రిమూర్తులు ఆ చూపు నుంచి ముఖం తిప్పుకున్నాడు. అనుకున్న ఘడియ రానే వచ్చింది కదా. ముందుకు వచ్చి, గొంతు సవరించుకుని, "తప్పురా అబ్బులూ, తప్పు! పదకొండు ప్రాణాలు కాపాడి గోదారిలో కలిసిన సూరన్న ఊరు ఇది. ప్రెసిడెంటు గారు కంటతడి పెట్టి మరీ చెప్పారే! ఇక్కడా నీ వెకిలి మాటలు?" అన్నాడు.

చప్పట్లు వస్తాయనుకున్నాడు. నాగరత్నం తలెత్తింది.

"నువ్వు విన్నావు కదయ్యా," అంది. పెద్దగా అనలేదు కానీ పందిరంతా వినిపించింది. "ఆ రాట పక్కన నిలబడి విన్నావు. కళ్లు కూడా తుడుచుకున్నావు, నేను చూశాను. అన్నీ తెలిసినోడివి, మరి ఆ ప్రశ్న ఎందుకేశావు?"

జనం చూపులన్నీ ఎడమ వంత మీంచి కుడి వంత మీదికి తిరిగాయి. ఇన్నేళ్లుగా తన వైపు తిరగాలని కోరుకున్న చూపులే అవి.

అప్పుడు అబ్బులు గజ్జెలు విప్పి చేత్తో పట్టుకుని వేదిక దిగాడు. నాగరత్నం ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. "ఆయన్నేమీ అనకమ్మా. వంతెన సంగతి ఎత్తమన్నది నేనే. ప్రెసిడెంటు గారు మాట్లాడుతుంటే తెర వెనక నిద్రపోయాను. తెలిస్తే ఆ మాట నా నోట వచ్చేది కాదు తల్లీ. తప్పు నాది."

సుబ్బరాయుడు గారు లేచి అబ్బులు భుజం మీద చెయ్యి వేశారు. "వంతెన ఇస్తానన్న ప్రసంగాలన్నిటికీ నిద్రపోయావు, మంచిపని చేశావు. ఈ ఒక్కటి వినాల్సిందయ్యా," అన్నారు. ఎక్కడో ఒకరిద్దరు తడి గొంతులతో నవ్వారు. లేచినవాళ్లు ఒక్కొక్కరే కూర్చున్నారు.

"కథ కానివ్వండి. మా ఆయనకు మీ కథంటే ఇష్టం," అంది నాగరత్నం.

కథ కానిచ్చారు. ఆ రాత్రి అబ్బులు ఒక్క హాస్యం కూడా ఆడలేదు. త్రిమూర్తులు ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

తెల్లవారుజామున ముగ్గురూ రేవుకు నడిచారు. వెంకాయమ్మ తంబురా భుజాన వేసుకుని ముందు నడిచింది. పాక గోడ మీది పోస్టరు వెలుగులో కనిపించింది. త్రిమూర్తులు అటు చూడకూడదనుకుంటూనే చూశాడు. "తదితరులు" మీద అడ్డంగా గీత గీసి ఉంది. దాని కింద బొగ్గుతో, వంకరటింకర అక్షరాల్లో ఎవరో రాశారు. "రాజకియం: తిరుమూర్తులు అన్నయ్య."

దీర్ఘం లేని ఆ రాజకీయం ఎవరి చేతిదో అతనికి అడక్కుండానే తెలిసింది. నిన్న పొద్దుగూకే వేళ అబ్బులు వెనకబడింది పేరు చూసుకుని మురవడానికి కాదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

పడవ కదిలాక అబ్బులు నెమ్మదిగా అడిగాడు. "అన్నయ్యా, నిన్న మైకు గరగరమందా? నీకు సరిగ్గా వినపడలేదేమో?"

తప్పించుకోవడానికి తలుపు తీసి పెట్టాడు పాపం. అవునంటే సరిపోయేది. త్రిమూర్తులు నీళ్ల వైపు చూస్తూ, "మైకు బాగానే ఉందిరా. నాకు బాగానే వినపడింది," అన్నాడు. "నీకు పడే చప్పట్లు చూసి ఓర్వలేకపోయాను."

అవతలి ఒడ్డు దగ్గర పడ్డాక అబ్బులు, "పోన్లే అన్నయ్యా," అన్నాడు. డక్కీ సంచీ ఎప్పటిలాగే ఇద్దరిదీ తనే భుజాన వేసుకున్నాడు.

త్రిమూర్తులు గండం గడిచిందనుకున్నాడు.

మరుసటి వారం ఇంకో లంకలో కథ. అక్కడి ప్రెసిడెంటు గారు మైకు పట్టుకుని "సోదర సోదరీమణులారా" అన్నారు. త్రిమూర్తులు అలవాటుగా రాట పక్కన నిలబడ్డాడు. ముందు వరసలో, చాప మీద, పిల్లల మధ్య అబ్బులు కూర్చుని ఉన్నాడు. పగలంతా బస్తాలు మోసిన మనిషికి రెప్పలు వాలిపోతున్నాయి. తొడ గిల్లుకుంటూ, మళ్లీ కళ్లు తెరుస్తూ ప్రతి మాటా తనే వింటున్నాడు.

తెర వెనక ఇద్దరూ పక్కపక్కనే గజ్జెలు కట్టుకున్నారు. త్రిమూర్తులు ఎదురుచూశాడు. అబ్బులు ముడి బిగించుకుని, చిరునవ్వుతో, "పదన్నయ్యా, వేళయింది," అన్నాడు. ఏమన్నారని అడగలేదు. ఆ రోజే కాదు, మరెన్నడూ అడగలేదు.

పక్కవాడికి పడే చప్పట్లు చూసి ఏడ్చేవాడికి తన మీద ఉన్న నమ్మకం కనిపించదు. అసూయ ఎదుటివాడిది తెచ్చి మనకివ్వదు, మనకున్నదే పోగొడుతుంది.