రాణిగారి వడియాలు, రాజుగారి రథాలు

పల్లేరుకోట మహారాజు మార్తాండ భూపాలుడు ఆ రోజు సభలోకి వస్తూనే సింహాసనం చేతి మీద గుద్దాడు.

“రాణిగారి వడియాలు తొక్కేసిన రథం ఎవరిదో ఇప్పుడే తేలాలి!”

సంగతేమిటంటే, కోట వాకిట్లో రాణి కనకవల్లీదేవి స్వయంగా దగ్గరుండి చాపల నిండా గుమ్మడి వడియాలు పెట్టించింది. పొద్దున్నే ఓ రథం రివ్వుమంటూ వాటి మీంచి పోయింది. వడియాలు కాస్తా అప్పడాలైపోయాయి. రాణిగారు తెర వెనకే కూర్చున్నారు. ఆవిడ కోపం ఏపాటిదో గాజుల చప్పుడే చెబుతోంది.

ఆ రథం ఎవరిదో చూసినవాడు సభలో ఒక్కడే ఉన్నాడు. ఆస్థానంలో మాటకారి అని పేరున్న ముకుందయ్య. అదే చక్రం కింద పడి అతని ఎడమకాలి చెప్పు తునాతునకలైంది. దుమ్ములో దగ్గుతూ తలెత్తి చూస్తే, గుర్రాలని అదిలిస్తూ “హోయ్ హోయ్” అని పోతున్నది సాక్షాత్తూ మహారాజే! ఈ మాట బయటికి వస్తే పోయేది చెప్పుతో ఆగదు. అందుకే గుమ్మం దగ్గర ఒంటి చెప్పు విడిచొచ్చి, నోరు కుట్టుకుని మూల నిలబడ్డాడు పాపం.

రథాలున్న పెద్దలు ముగ్గురూ “మాది కాదంటే మాది కాదు” అన్నారు.

“సరే, ఎవరిదైతేనేం!” అన్నాడు రాజు, మాట మార్చేస్తూ. “రథాల వేగానికి హద్దు పెట్టాలని రాణిగారి పట్టు. పెడదామా?”

అంతే, సభ సంతైపోయింది.

“హద్దా?” దళపతి రణభైరవుడు మీసం మెలేశాడు. “నావి పారసీక గుర్రాలు ప్రభూ! మెల్లగా నడిపితే అవి చిన్నబుచ్చుకుంటాయి.”

“నేను చూసుకునే నడుపుతాను. జనమే చూసుకోకుండా అడ్డం పడుతున్నారు,” అన్నాడు కోశాధికారి వరదప్ప.

“నేను మెల్లగా వెళ్తే అవతల రోగి ప్రాణం పోదూ?” అన్నాడు ఆస్థాన వైద్యుడు సోమనాథయ్య.

ముకుందయ్యకి నోరు ఊరుకోలేదు.

“వేగంగా వెళ్తే దారిలోనే కొత్త రోగులు తయారవుతున్నారు కదండీ వైద్యులవారూ!”

సభ గొల్లుమంది. దళపతికి ఒళ్ళు మండింది.

“ప్రభూ, ఇంత తెలివిగలవాణ్ణి హద్దు కూడా పెట్టమనండి. మేం ముగ్గురం మా నోటితో సరే అనాలి. అనకపోతే ఇతణ్ణి నా రథమెక్కించి కోట దిగుడు దారిలో ఓ చుట్టు తిప్పుకొస్తాను.”

“అలాగే కానీ!” అన్నాడు రాజు. వడియాల మాట మరుగున పడితే చాలు ఆయనకి.

పోయినేడు ఆ రథంలో ఆ దిగుడు దిగిన వంటాయన ఇప్పటికీ చక్రం చప్పుడు వింటే స్తంభాన్ని కౌగిలించుకుంటాడు. ఏం చేయాలిరా దేవుడా అని ముకుందయ్య చూస్తే, ముగ్గురు పెద్దలూ ఒకర్నొకరు ఓరకంట చూసుకుంటూ మూతి విరుస్తున్నారు. అతనికి ప్రాణం లేచొచ్చింది.

“ప్రభూ, చేయి తిరిగినవాడికి హద్దెందుకు? చేతకానివాడికి కావాలి గానీ. ఈ ముగ్గురూ సభ బయట నిలబడి, ఒక్కొక్కరే లోపలికొచ్చి, మిగతా ఇద్దరూ ఎంత వేగంగా పోవచ్చో చెబితే చాలు. ఒకసారి అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోకూడదు.”

చేయి తిరిగినవాణ్ణి నేనే కదా అని ముగ్గురూ లోలోపల మురిసిపోయి, ఒక్కసారే “భేష్! సరే!” అన్నారు.

మొదట దళపతి వచ్చాడు. “వరదప్పకి పొద్దు వాలితే చూపానదు. వైద్యుడు పగ్గాలు పట్టుకుని కునుకు తీస్తాడు. ఇద్దర్నీ ఎద్దుబండిని దాటి పోనివ్వకండి.”

తర్వాత కోశాధికారి. “దళపతి మలుపులో పగ్గాలొదిలి మీసం దువ్వుకుంటాడు ప్రభూ! వైద్యుడి కునుకు సరేసరి. ఎద్దుబండి వేగం చాలు వాళ్ళకి.”

ఆఖరికి వైద్యుడు. “ఆ ఇద్దరూ గుద్దినవాళ్ళకి కట్లు కట్టలేక చస్తున్నాను. ఎద్దుబండి! అదీ ముసలి ఎద్దుల బండి!”

రాజు ఉత్తరీయం నోట్లో కుక్కుకుని ఊగిపోతున్నాడు.

ముగ్గుర్నీ లోపలికి పిలిపించి ముకుందయ్య చేతులు జోడించాడు. “హద్దు తేలింది ప్రభూ. ముగ్గురికీ ఎద్దుబండి వేగం. ముగ్గురూ తమ నోటితోనే అన్నారు.”

“నాకు హద్దు పెట్టడానికి వీళ్ళెవరయ్యా?” దళపతి గర్జించాడు.

“మీరు వాళ్ళకి పెట్టేటప్పుడు ఈ మాట అడగలేదే, దళపతిగారూ!”

సభ పగలబడి నవ్వింది. దళపతి ముఖం కందగడ్డైంది. “మరి మహారాజావారి రథమో? దానికి హద్దు లేదా?”

రాజుగారి నవ్వు టక్కున ఆగింది. ఉందంటే రాజుకి కోపం, లేదంటే రాణికి కోపం. ముకుందయ్య కాస్త వంగి మెల్లగా అన్నాడు.

“పద్ధతి ఒకటే కదండీ. ప్రభువులు నడిపే తీరు ఎరిగినవాళ్ళే చెప్పాలి. ఆ రథంలో పక్కన కూర్చునేది ఒక్కరే.”

తలలన్నీ తెర వైపు తిరిగాయి. గాజులు ఘల్లుమన్నాయి.

“నేను చెబుతాను!” అంది రాణి. “నా దాసి పళ్ళెం నిండా వడియాలు పట్టుకుని ముందు నడుస్తుంది. దాని వెనకాల మీ రథం. అన్నట్టు, పొద్దున మీ చక్రానికి అంటిన వడియాలు ఇంకా రాలలేదు, కాస్త తుడిపించండి!”

రాజు తెల్లబోయాడు. తెర వైపు చూశాడు, ముకుందయ్య వైపు చూశాడు, ఆపుకోలేక తనే ముందు పకపకా నవ్వేశాడు. సభంతా ఘొల్లుమంది.

“గుమ్మంలో ఒంటి చెప్పు చూసినప్పుడే అనుకున్నానోయ్, నువ్వు నన్ను చూశావని!” అంటూ రాజు తన జరీ చెప్పులు తెప్పించి ముకుందయ్యకిచ్చాడు. “పద, నా రథంలో నిన్ను ఇంటి దగ్గర దింపిస్తాను.”

ముకుందయ్య ఆ చెప్పులు చంకలో పెట్టుకుని వినయంగా వంగాడు.

“వద్దు ప్రభూ, నడిచే వెళ్తాను. ఇంటికి త్వరగా చేరాలి.”