చిటికి మైనం పూసుకున్న మీసం

అనగనగా ఒక అడవి. ఎక్కడుందంటావా? నీ ఒంట్లోనే ఉంది నాన్నా. అక్కడ ఎర్రటి వాగులు నిద్రలో మాట్లాడుకుంటున్నట్టు మెల్లగా పారుతుంటాయి. ఎండ రాదు, అయినా వెచ్చగానే ఉంటుంది. ఆ అడవికి కాపలా కాసే తేనెటీగలున్నాయి. డాక్టర్లు వాటిని బి కణాలంటారు. మనకెందుకులే, తేనెటీగలే అనుకుందాం.

ఒక్కో ఈగకీ రెండు మీసాలు. కుడి మీసానికి పరాయి వాసన తగిలితే "వెయ్యి" అంటుంది. ఈగ ముళ్ళు విసురుతుంది. ఎడమ మీసానికి మనవాళ్ళ వాసన తగిలినా, విసిరిన ముళ్ళు సరిపోయాయని తెలిసినా "చాలు, ఆగు" అంటుంది.

చిటికి అనే ఈగకి ఆ ఎడమ మీసమంటే ఒళ్ళుమంట. జలుబు పురుగు వచ్చింది, పది ముళ్ళు వేసింది. "చాలు" అంది మీసం. దగ్గు పురుగు వచ్చింది, ఇరవై వేసింది. మళ్ళీ "చాలు" అంది.

"కాపలావాళ్ళకి ఈ అడ్డు ఎందుకు మామ్మా?" అని ముసలి ఈగ బూరమ్మని అడిగింది.

"అడ్డు కాదే పిల్లా, అదీ కాపలాయే," అంది బూరమ్మ.

చిటికి వింటేనా! ఎడమ మీసానికి మందంగా మైనం పూసేసుకుంది.

మూడోసారి జ్వరం పురుగులొచ్చాయి. చిటికి విసిరింది, విసిరింది, పురుగులన్నీ చచ్చినా విసురుతూనే ఉంది. మోకాలి గట్టు మీద కీలుకి నూనె మోసే దువ్వి అనే చీమ ఎదురొచ్చింది. అది చిటికికి చిన్ననాటి నేస్తం. పురుగుల మురికి అంటుకుని కాస్త పరాయి వాసనేస్తోంది. కుడి మీసం "వెయ్యి" అంది. ఎడమది నోరెత్తలేదు.

"చిటికక్కా, నేనే," అంది దువ్వి, కింద పడుతూ.

చిటికి గబగబా మైనం గీకేసింది. మురికి కింద నేస్తం వాసన తగిలింది, "ఆగు" అన్న మాటా వినిపించింది. అప్పటికే దువ్వి కాలొకటి వంగడం మానేసింది.

"నిన్ను కాపాడదామనే కదే," అని ఏడ్చింది చిటికి.

"తెలుసక్కా. పురుగులు మురికి పూసి పోయాయి. కాలు పాడుచేసింది మాత్రం నువ్వే," అంది దువ్వి.

ఇప్పుడు రోజూ దువ్వి నూనె బిందెని సగం దూరం చిటికే మోస్తుంది. పొద్దున లేవగానే నీ మోకాలు కాస్త పట్టేసినట్టుంటే, వాళ్ళిద్దరూ ఇంకా దారిలో ఉన్నారనుకో. నువ్వూ మెల్లగా లే.

నీతి: కొట్టే బలం ఎంతున్నా, ఆగమనే మాట నోరు మూస్తే ఆ దెబ్బ మనవాళ్ళకే తగులుతుంది.