ఏడు రేకుల పువ్వు

యాసీన్ మాస్టారికి తప్పు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. పాతికేళ్ళుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్న చెయ్యి అది. కిరాణా కొట్టు బోర్డు మీద ఒక కొమ్ము ఎగిరిపోయినా, జేబులోంచి ఎర్ర పెన్ను దానంతటదే బయటికొచ్చేది. ఆయనకు పెళ్ళి శుభలేఖ ఇస్తే దిద్ది వెనక్కి పంపిస్తాడని ఊళ్ళో చెప్పుకునేవారు. అందులో కొంత నిజం లేకపోలేదు.

అలాంటి యాసీన్ పదకొండేళ్ళుగా హమీద్‌షా బాబాకు శిష్యుడు. ఏలూరు నుంచి కొల్లేటికి పోయే దారిలో బాబా ఉండే తకియా ఉంది. ఒక పెంకుటింటి వసారా, రెండు చాపలు, ఒక నీళ్ళ కుండ, అంతే. గురువారం సాయంత్రాలు అక్కడ ముప్ఫై మంది దాకా చేరతారు. సాయిబులూ వస్తారు, హిందువులూ వస్తారు, చేపల చెరువుల మీద పని ముగించుకుని తడి లుంగీలతోనే వచ్చేవాళ్ళూ ఉంటారు. అందరూ కలిసి తత్వాలు పాడతారు. ఒకరు ముందు ఎత్తుకుంటే మిగతావాళ్ళు వంత అందుకుంటారు.

ముందు ఎత్తుకునేది మీరాసాహెబ్. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. అక్షరం ముక్క రాదు గానీ అరవై తత్వాలు కంఠతా వచ్చు. యాసీన్ ఆ అరవయ్యీ ఒక నోటుబుక్కులో పొందిగ్గా రాసి, చరణాలకు నంబర్లు వేసి, ఒళ్ళో పెట్టుకుని వంతకు కూర్చునేవాడు.

ఉరుసు రోజున వచ్చింది చిక్కు. పై ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చారు. మీరాసాహెబ్ పడవ తత్వం ఎత్తుకున్నాడు. అందులో మూడో చరణంలో తెడ్డు పోతుంది, నాలుగో చరణంలో ఒడ్డు కనిపిస్తుంది. ఆయన రెండోది ముగించి నేరుగా ఒడ్డు దగ్గరికి వెళ్ళిపోయాడు. వంత పాడేవాళ్ళు తడబడ్డారు.

యాసీన్ నోటుబుక్కు పైకెత్తి, "అది నాలుగోది. మూడోది పాడండి చాచా" అన్నాడు. క్లాసులో వెనక బెంచీకి కూడా వినపడే గొంతుతో అన్నాడు.

మీరాసాహెబ్ ఆగాడు. మూడోది గుర్తు తెచ్చుకోబోయాడు, రాలేదు. ఈలోగా నాలుగోది కూడా జారిపోయింది. తంబుర పక్కన పెట్టి, దాహమేస్తోందంటూ లేచి వెళ్ళాడు. తిరిగి రాలేదు.

ఆ తర్వాతి గురువారం గొంతు బాగోలేదని కబురు పంపాడు. ఆపై గురువారం కబురు కూడా లేదు. ఇక పాడనని ఇంట్లో చెప్పాడట. తంబుర యాసీన్ చేతికొచ్చింది. తత్వాలు ఒక్క తప్పు లేకుండా, నంబరు వారీగా సాగాయి. మూడో గురువారానికి పదకొండు మంది వచ్చారు.

వాళ్ళు లేచి వెళ్ళాక యాసీన్ బాబా దగ్గర కూర్చున్నాడు.

"తప్పు కనిపిస్తే చెప్పడం తప్పా బాబా? నేనన్నదాంట్లో అబద్ధం ఏముంది?"

వాదనకు అడగలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. మీరాసాహెబ్ అంటే అతనికి చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఆ పెద్దాయన నోరు తన మాట వల్ల మూతపడిందని మూడు వారాలుగా తిండి సహించడం లేదు. అలాగని తన మాటలో తప్పు ఎంత వెతికినా దొరకడం లేదు.

బాబా గడ్డం గోక్కున్నాడు.

"ఏలూరులో తివాచీల మ్యూజియం పెట్టారంట. చూశావా?"

"లేదు."

"నేనూ చూళ్ళేదు. ఆదివారం పోదాం."

అడిగిందేమిటి, చెప్పిందేమిటి అనుకున్నాడు యాసీన్. పదకొండేళ్ళ అలవాటు కాబట్టి పైకి అనలేదు.

ఒకప్పుడు ఇరవై మగ్గాలు ఆడిన పాత షెడ్డునే సున్నం వేసి మ్యూజియం చేశారు. లోపల ఉన్ని వాసన ఇంకా పోలేదు. చూపించడానికి మస్తానమ్మ అనే ముసలామె ఉంది. అదే షెడ్డులో పదహారో ఏట మగ్గమెక్కి, చూపు ఆనినంత కాలం నేసిన మనిషి. ఇప్పుడు మెళ్ళో కార్డు వేసుకుని వచ్చినవాళ్ళకు తన జీవితాన్నే చూపిస్తోంది.

బాబా అన్నింట్లో వేలు పెట్టాడు. రంగు కాచే బానలోకి తొంగి చూశాడు. ఉన్ని ఉండను వాసన చూసి, "గొర్రె ఇంకా ఇక్కడే ఉందమ్మా" అన్నాడు. కత్తెర ఇంత బరువెందుకని అడిగాడు. యాసీన్ మాత్రం గళ్ళ కాగితం దగ్గర అతుక్కుపోయాడు. ఒక్కో గడి ఒక్కో ముడి అట. మేస్త్రీ ఆ కాగితం చూసి రంగులు అరిస్తే, నేసేవాళ్ళు ఆ రంగు పలికి ముడి వేస్తారు. అంగుళానికి ఇన్నని లెక్కగట్టి, గోడ మీద ఉన్న పెద్ద తివాచీలో ఎన్ని లక్షల ముళ్ళున్నాయో మనసులోనే గుణించాడు. చాలా రోజుల తర్వాత ప్రాణం లేచొచ్చినట్టయింది.

గుణించాక, అలవాటు కొద్దీ పువ్వులు లెక్కపెట్టాడు. నాలుగు మూలలా నాలుగు పెద్ద పువ్వులు. పై ఎడమ దానికి ఎనిమిది రేకులు. పై కుడి దానికి ఏడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఏడే. కింద కుడి దానికి ఎనిమిది, కింద ఎడమ దానికి ఏడు.

పక్కన బోర్డు ఉంది. 'ఎదురెదురు మూలల్లో ఏడు రేకుల పువ్వు ఈ తివాచీ ప్రత్యేకత' అని రాసి ఉంది. యాసీన్ గబగబా అద్దాల పెట్టె దగ్గరికి పోయాడు. ఆ తివాచీ నేసిన గళ్ళ కాగితం అందులోనే ఉంది. వంగి, గడి గడికీ అద్దం మీద వేలు జరుపుకుంటూ లెక్కపెట్టాడు. కాగితంలో నాలుగు పువ్వులకూ ఎనిమిదే.

"బాబా, ఈ బోర్డు తప్పు" అన్నాడు. గొంతులో సంబరం దాగలేదు. జేబులోంచి పెన్ను వచ్చేసింది.

"రాయకండి సారూ" అంది మస్తానమ్మ వెనక నుంచి. "ఆ కథ చెప్తాను. ముందు మీరూ రెండు ముళ్ళు వేసి చూడండి. పెద్దాయన అప్పుడే కూర్చున్నారు."

చూడడానికి వచ్చినవాళ్ళ కోసం ఒక చిన్న నిలువు మగ్గం పెట్టారక్కడ. బాబా దాని కుడివైపు పీట మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. యాసీన్ ఎడమవైపు కూర్చున్నాడు. తల మీద రంగు రంగుల ఉన్ని ఉండలు వేలాడుతున్నాయి. రెండు పడుగు దారాలు పట్టుకుని, ఉన్ని చుట్టి, కిందికి లాగి, కత్తితో తెంపడం మస్తానమ్మ చూపించింది. తర్వాత కాగితం పట్టుకుని చదవసాగింది.

"రెండు ఎరుపు."

"రెండు ఎరుపు" అన్నారిద్దరూ.

"ఒకటి ఆకుపచ్చ."

"ఒకటి ఆకుపచ్చ."

యాసీన్ వేళ్ళు ముడి వేస్తున్నాయి గానీ బుర్ర ఇంకా ఆ ఎనిమిదో రేకు దగ్గరే ఉంది. తన ముడి తెంపి పక్కకు చూశాడు. బాబా నిదానస్థుడు. యాసీన్ ముడి వైపు ఒకసారి చూశాడు. చెయ్యి ఆకుపచ్చ ఉండ దాకా వెళ్ళి ఆగింది. పక్కనున్న నీలం ఉండను లాగి ముడి వేసింది.

యాసీన్ ఓర్చుకుందామనే అనుకున్నాడు. వల్ల కాలేదు.

"బాబా, ఆకుపచ్చ అన్నారు. మీరు నీలం వేశారు."

"అవునా నాయనా" అన్నాడు బాబా. ముడి మాత్రం విప్పలేదు.

మస్తానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ముందు మీది చూసుకోండి సారూ" అంది.

యాసీన్ చూసుకున్నాడు. రెండు ఎర్ర ముళ్ళ పక్కన, తన చేత్తో వేసింది, నీలం.

గబుక్కున ముడి మీదికి వేళ్ళు పోయాయి. విప్పబోతే మస్తానమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండనివ్వండి. రెండు వైపులా ఉందిగా." పేక దారం అడ్డంగా నడిపి, ఇనప దువ్వెనతో నాలుగు దెబ్బలు వేసి దిగగొట్టింది. తర్వాత నేల మీద చతికిలబడి చెప్పడం మొదలుపెట్టింది.

"ఆ తివాచీ మా అత్తా నేనూ నేశామండి. నాకు పెళ్ళై నాలుగు నెలలు. ఎడం పక్క నేను, కుడి పక్క ఆవిడ. కింద పువ్వులో ఒక రేకు రావలసిన చోటంతా ఎరుపు బదులు చుట్టూ ఉన్న మీగడ రంగే వేసేశాను. చూసుకునేసరికి జానెడు పైకి పోయాం. విప్పాలంటే ఆ జానెడూ విప్పాలి. మా అత్త నోరు మీకు తెలీదు. పప్పులో ఉప్పెక్కువైతే నాలుగు వీధులకు తెలిసేది. భయమేసి ఊరుకున్నాను. నేసినంత మేరా దూలానికి చుట్టుకుపోతుంది కదండీ, ఆ పువ్వూ లోపలికి పోయింది. మూడు నెలలు నాకు నిద్ర లేదు. కోసి దించిన రోజున అందరూ చూస్తారు కదా."

"చూశారా?" అన్నాడు యాసీన్. పీట మీంచి ముందుకు వంగాడు.

"చివర్లో పై పువ్వులు వచ్చినయ్. ఒక రేకు దగ్గర మేస్త్రీ ఎరుపు అన్నాడు. మా అత్త కూడా ఎరుపనే పలికింది. వేసింది మాత్రం మీగడ రంగు. నా వైపు చూడను కూడా లేదు. అప్పుడు తెలిసింది నాకు, మూడు నెలల నుంచీ ఆవిడకు తెలుసని."

"మరి మేస్త్రీ?"

"తివాచీ పరిచి చూశాడు. కాగితం చూశాడు. మళ్ళీ తివాచీ చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు."

"మీ అత్తగారు తర్వాతేమీ అనలేదా?"

"పోయేదాకా అనలేదు. పప్పు సంగతి మాత్రం రోజూ అనేది." మస్తానమ్మ నవ్వి కళ్ళు తుడుచుకుంది. "బోర్డు రాసినాయన అడిగితే కూడా నేను చెప్పలేదండి. మీరు పెన్ను తీశారని చెప్పాల్సొచ్చింది."

తిరుగు ప్రయాణంలో బస్సు కిటకిటలాడింది. బాబా దారి వైపు సీట్లో కూర్చుని కునుకు తీశాడు. యాసీన్ దారంతా తన వేళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు. తన వీధి మొగలో బస్సు ఆగితే దిగలేదు. తర్వాతి స్టాపులో, మీరాసాహెబ్ ఇంటి దగ్గర దిగాడు. బాబా కళ్ళు తెరవకుండానే కాళ్ళు పక్కకు జరిపి దారి ఇచ్చాడు.

మీరాసాహెబ్ వాకిట్లో వెల్లుల్లి ఒలుస్తున్నాడు. యాసీన్ ఎదురుగా కూర్చుని తనూ నాలుగు రెబ్బలు తీసుకున్నాడు. చేటలో పొట్టు పేరుకుంది.

"గురువారం రా చాచా" అన్నాడు యాసీన్ చివరికి.

"నా బుర్ర మునుపట్లా లేదురా యాసీనూ. మళ్ళీ తప్పు పోతాను."

"వంతకు నేనుంటాను."

"నలుగురిలో మళ్ళీ..."

"వంతకు నేనుంటాను చాచా."

గురువారం మీరాసాహెబ్ వచ్చాడు. ఆ కబురు ముందే పాకినట్టుంది, వసారా నిండిపోయింది. పాలకొల్లు నుంచి ఒక తత్వాల గాయకుడు కూడా బాబాను చూడ్డానికి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ముసలాయన తంబుర తీగ మీటి, పడవ తత్వమే ఎత్తుకున్నాడు. జారిన మెట్టే మళ్ళీ ఎక్కాలనుకున్నాడు కాబోలు. మొదటి చరణం దాటింది, రెండోది దాటింది. మూడోది మళ్ళీ జారిపోయింది. ఆయన ఒడ్డు దగ్గరికి వెళ్ళిపోయాడు.

అందరూ యాసీన్ వైపు చూశారు. నోటుబుక్కు అతని ఒళ్ళోనే ఉంది, మూసి ఉంది. అతను గొంతెత్తి ఒడ్డు చరణాన్నే అందుకున్నాడు. లెక్కల మాస్టారి గొంతు కదా, వెనక వరస దాకా వినపడింది. ముప్ఫై గొంతులు దాని వెంట నడిచాయి.

చరణం ముగిసింది. మీరాసాహెబ్‌కు అప్పుడు తెలిసింది. తంబుర మీద వేలు ఆగబోయింది. ఆ వేలు ఆగకముందే, నాలుగోది రావలసిన చోట యాసీన్ తెడ్డు పోయిన చరణం ఎత్తుకున్నాడు. ముసలాయన ఒక్క క్షణం అతని వైపు చూసి, కళ్ళు మూసుకుని, తనూ కలిశాడు. ఒడ్డు కనిపించాక తెడ్డు పోయింది. పాట ఎక్కడా తెగలేదు.

టీలు వచ్చాక పాలకొల్లు గాయకుడు బాబా దగ్గరికి జరిగాడు.

"చాలా బాగుందండీ. కాకపోతే మా వైపు తెడ్డు ముందు పోతుందండి, తర్వాత ఒడ్డు. ఇక్కడ తిరగేసి పాడారేంటి?"

బాబా టీ ఊదుకుంటూ, "మాస్టార్ని అడగండి. పుస్తకం ఆయన దగ్గరుంది" అన్నాడు.

గాయకుడు యాసీన్ వైపు తిరిగాడు. వసారా చివర మీరాసాహెబ్ టీ గ్లాసు పట్టుకుని, తాగకుండా ఆగాడు.

"మా వైపు ఇలాగే పాడతామండి" అన్నాడు యాసీన్.