శివారు తూము

ఇప్పుడు చెప్పబోయేది అక్షరాలా జరిగింది. ఇందులో ఒక్క ముక్క కల్పన ఉన్నా నా చేతికర్ర చిగురు వేయాలి. పోయిన వానాకాలంలో ఒకసారి వేసిన మాట నిజమే గానీ, అది వేరే సంగతి గురించి.

మా ఊరి లాకుల పక్కన గవర్రాజు గురువుగారి పాక ఉండేది. సందేహాలు తీర్చుకోవడానికి ఆయన దగ్గరికి ఎక్కడెక్కడి వాళ్లూ వచ్చేవారు. వచ్చినవాళ్ల వరస పాక గుమ్మంలో మొదలై రాజమండ్రి వంతెన దాకా ఉండేది. నలుగురూ నమ్మరని కాస్త తగ్గించే చెబుతున్నాను. గురువుగారికి ఒక అలవాటు. ఎవరు ఏ ప్రశ్న అడిగినా ముందు వాళ్ల చేతిలో ఒక పని పెట్టేవారు. ఆత్మ అంటే ఏమిటని అడిగినాయన చేత చిక్కుడుకాయలకి ఈనెలు తీయించారు. మోక్షం గురించి అడగవచ్చిన ఒక పెద్ద ఉద్యోగి పాక మీదికి తాటాకులు అందించీ అందించీ, అడగవలసింది మరిచిపోయి, హాయిగా ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్లాడు. పాకకి ఎదురుగానే నా పుణుగుల పొయ్యి. అందుచేత నా కళ్లు దాటి, చెవులు దాటి అక్కడ ఏదీ జరగలేదు.

ఆ ఏడు త్రినాథ్ అనే శిష్యుడు వచ్చాడు. అర్థశాస్త్రం చదువుకున్న కుర్రాడు, మంచివాడే. నా పుణుగులు తిని బాగున్నాయనకుండా ‘నాణ్యత నిలకడగా ఉంది’ అనేవాడు. అతను ఒక సాయంత్రం గురువుగారిని అడిగాడు.

“గురువుగారూ, దేశం ఎదగాలంటే ఆనకట్టలు కావాలి, కర్మాగారాలు కావాలి. వాటికి ప్రభుత్వం ఉంది, యంత్రాలున్నాయి. జీతం అడగకుండా తమంతట తాము వచ్చి పనిచేసే నాలుగు చేతులు ఇంత పెద్ద దేశానికి ఏ మూలకి?”

గురువుగారు కిటికీలోంచి కాలువ వైపు చూశారు. “సోమవారం పొద్దున పంటకాలువకి నీళ్లు వదులుతారు. కాలువ నిండా గుర్రపుడెక్క ఉంది. ఆదివారం ఊరి చేత శ్రమదానం చేయించు. ఆ తరువాత మాట్లాడుకుందాం” అన్నారు.

గుర్రపుడెక్క అంటే నీళ్ల మీద తేలుతూ అల్లుకునే కలుపు, ఊదాపూలు పూసి చూడ ముచ్చటగానే ఉంటుంది. కాని ఆ ఏడు ఎంత మందంగా అల్లుకుందంటే, ఒక పెళ్లివారు రోడ్డనుకుని దాని మీదుగా బ్యాండుతో సహా నడిచి వెళ్లిపోయారు, ఒక్కరి చెప్పూ తడవలేదు. నీళ్లా, ఒక్కరోజుకే మా వంతు. పొద్దున లాకు ఎత్తితే పొద్దుగూకేసరికి దించేస్తారు. మరునాటి నుంచి పక్క కాలువకి. అందరికన్నా బెంగగా ఉన్నది లోవమ్మ. ఆమెది కాలువ చిట్టచివర, శివారు తూము కింద చిన్న పొలం చెక్క. అందులో పోసిన నారు అప్పటికే కొసలు పసుపెక్కింది. ఈ వంతు తప్పితే నారు పోయినట్టే. నారు పోతే ఆ ఏటి పంటా, ఇంట్లో తిండీ పోయినట్టే.

త్రినాథ్ రాత్రంతా ఆలోచించి చక్కటి పథకం వేశాడు. ఎవరి పొలం ముందున్న కాలువ వాళ్లు బాగుచేయాలి. అప్పుడు నువ్వెంత చేశావు, నేనెంత చేశాను అన్న తగవు ఉండదు. గురువుగారు విని “కానివ్వు” అన్నారు.

“మరి పొలం లేని మా సంగతేమిటి అబ్బాయ్?” అని అడిగాను. నాకున్న భూమల్లా పొయ్యి కింద మట్టే.

“మీరు విశ్రాంతి తీసుకోండి మామ్మగారూ” అన్నాడు. నా జన్మలో నన్ను విశ్రాంతి తీసుకోమన్న మొట్టమొదటి మగాడు అతనే. తిట్టడానికి నోరు రాలేదు.

ఆదివారం పండగలా గడిచింది. దర్జీ మస్తాను చేత మంచి దళసరి గుడ్డ కుట్టించి, ‘జాతి నిర్మాణంలో మనమూ’ అని రాయించి, రెండు వెదురు గడలకి కట్టి లాకుల దగ్గర నిలబెట్టారు. రైతులు పోటీలు పడి పనిచేశారు. మొదటి పొలం అబ్బులుగారిది. ఆయన తన ముందున్న కాలువని ఎంత శుభ్రం చేశాడంటే కొంగలు వచ్చి అందులో ముఖం చూసుకుని, ఈకలు సర్దుకుని వెళ్లాయి. అయితే నీళ్లు తాగిన గుర్రపుడెక్కని గట్టుకెత్తడం నడుములు విరిగే పని. అందుకని అబ్బులుగారు గడతో దాన్ని తన హద్దు దాటించి కిందికి నెట్టేశాడు. కింది రైతు తన దానితో కలిపి దాన్ని ఇంకా కిందికి నెట్టాడు. ఆ కిందాయనా అంతే. సాయంత్రానికి అందరి ముందూ కాలువ తళతళలాడింది. బ్యానరు కింద ఫొటో తీయించుకున్నారు. త్రినాథ్ మెడలో వేసిన దండ ఎంత బరువంటే ఇద్దరం చెరో వైపు పట్టుకుంటే తప్ప అతను నిలబడలేకపోయాడు.

సోమవారం నీళ్లు వదిలారు. మధ్యాహ్నానికి లోవమ్మ పాక ముందుకొచ్చి నిలబడింది.

“గురువుగారూ, నిన్న మీ శిష్యుడు జాతిని నిర్మించాడంట గదా. ఆ జాతి వచ్చి మా తూముకి అడ్డంగా పడుకుంది. కాస్త పక్కకి జరగమని చెప్పించండి.”

అందరం శివారుకి నడిచాం. ఊరి గుర్రపుడెక్క మొత్తం అక్కడ కొండలా పేరుకుని ఉంది. నేను పైకెక్కి చూస్తే కాకినాడ లైట్‌హౌసు కనబడింది. లోపలి మనిషి దొండకాయ వేపుడుతో అన్నం తింటున్నాడు. కొండకి ఇవతల నిండుకాలువ; అవతల లోవమ్మ నారుమడిలో వేలు పట్టేటంత నెర్రెలు.

త్రినాథ్ అబ్బులుగారి దగ్గరికి పరుగెత్తాడు.

“నా హద్దులో ఒక్క ఆకుందేమో చూపించు బాబూ, నోట్లో వేసుకుని నములుతాను” అన్నాడాయన.

రెండో రైతూ అదే అన్నాడు, మూడో రైతూ అదే. ఎవరి మాటలోనూ అబద్ధం లేదు. యంత్రం కోసం ఫోను చేస్తే ఎల్లుండి పంపుతామన్నారు. కుర్రాడు మొహం వేలాడేసుకుని తిరిగొచ్చేసరికి లోవమ్మ నడుం లోతు నీళ్లలో దిగి కొడవలితో కోస్తోంది.

“బాబుగారూ, అబ్బులుగారు ఏమన్నారు?” అంది తల ఎత్తకుండా.

“తన ముందు ఏమీ లేదన్నారు.”

“నిజమే. ఆయన ముందున్నదంతా నా ముందుంది గదా.”

త్రినాథ్ ప్యాంటు మడిచి దిగాడు. అతని వెనకే మెడలో టేపు తీయకుండానే మస్తాను దిగాడు. అతనికీ సెంటు భూమి లేదు. నేను పొయ్యి ఆర్పేసే వచ్చాను కనక నేనూ దిగాను. నేను లాగిన మొదటి తుట్టె రెండు గేదెల బరువుంది. ఒకటి చూడి గేదె. కాని చేతులతో ఎంత మోసినా కొండ తరగడం లేదు. కోసింది కోసినట్టే జారి మళ్లీ తూము మీదికే పోతోంది. పొద్దు వాలుతోంది.

ఉన్నట్టుండి మస్తాను గట్టెక్కి లాకుల వైపు వెళ్లాడు. వచ్చేటప్పుడు బ్యానరు గడలతో సహా భుజాన వేసుకొచ్చాడు.

“మస్తానూ, అది బ్యానరు” అన్నాడు త్రినాథ్.

“నేను కుట్టిందే గదా బాబూ. అంచుకి రెండు వరసలు వేశాను. మోస్తుంది.”

దాన్ని నీళ్లలోకి జోలెలా దింపి, గుర్రపుడెక్క నింపి, రెండు గడలూ ఎత్తి గట్టు మీద కుమ్మరించాం. ఒక గడ కొస గురువుగారు పట్టుకున్నారు. బడిలో వంట చేసే ఆమె గిన్నెలు కడగడం ఆపి వచ్చింది. కాస్సేపటికి అబ్బులుగారు వేడుక చూద్దామని వచ్చాడు. జోలెలో వెళ్తున్న గుర్రపుడెక్కలో తన తువ్వాలు కనబడింది, ముందురోజు పనిలో పోగొట్టుకున్నది. దాన్ని తీసి పిండి, తలకి చుట్టుకుని, ఎవరినీ చూడకుండా పంచె ఎగ్గట్టాడు.

పొద్దు ఇంకా బారెడుండగా తూము ఒక్క గుటక వేసింది. ఆ చప్పుడుకి సముద్రంలో వలలు వేస్తున్నవాళ్లు ఉరుమనుకుని ఇళ్లకి తిరిగొచ్చేశారని తరువాత తెలిసింది. నీళ్లు మడిలోకి ఉరికాయి. అవతల లాకు దించుతున్న చప్పుడు వినబడేసరికి మడి నిండింది. లోవమ్మ లోపలికి అడుగుపెట్టి, చీలమండ దాకా తడిసిందని చూసుకుని, అప్పుడు గట్టు మీద కూర్చుంది. కూర్చున్నాక కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మేమందరం అటు తిరిగి, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు కొబ్బరిచెట్లని చూశాం.

చీకటి పడ్డాక పాకలో త్రినాథ్ అన్నాడు, “గురువుగారూ, నిన్న ఊరంతా పనిచేసింది, ఇవాళ గుప్పెడు మందిమే. కాని...”

“నిన్న ఎవరి పొలం వాళ్లు బాగుచేసుకున్నారు. అందులో తప్పేమీ లేదు” అన్నారు గురువుగారు. “కాలువ బాగయింది ఇవాళ.”

నేను పొట్లంలో మిగిలిన పుణుగులు కుర్రాడి ముందు పెట్టాను. నాణ్యత గురించి ఏమీ అనకుండా తిన్నాడు.

“మరి దేశం సంగతి...” అన్నాడు చివరికి.

గురువుగారు మూలనున్న బ్యానరు తీసి అతని చేతిలో పెట్టారు. “ఇది లాకుల దగ్గర ఉతికి, ఆరేసి తీసుకురా. ఆదివారం పక్క కాలువ శివారుకి వెళ్లాలి.”

త్రినాథ్ దాన్ని దీపం దగ్గర విప్పి చూశాడు. బురద కింద సగం అక్షరాలు అప్పటికే కరిగిపోయాయి. “ఉతికితే మిగతావీ పోతాయేమో గురువుగారూ.”

“పోతే పోనీ,” అన్నారాయన, “గుడ్డ చిరగకుండా చూడు.”