ఇరవై సున్నాలు

నేరేడువలసలో ఎవరికైనా తెలివి తక్కువైతే దాలినాయుడి ఇంటికెళ్ళి తెచ్చుకోమనేవారు. నవ్వాపుకుంటూ అనేవారు. దాలినాయుడు అది మెచ్చుకోలనుకుని, ఎవరొస్తారా అని సాయంత్రాలు అరుగు మీద కూచుని ఎదురుచూసేవాడు. ఎవరూ రాకపోతే, "ఊళ్ళో అందరికీ సరిపడా ఉన్నట్టుంది" అని లోపలికి పోయేవాడు.

ఆ ఇంట్లో నలుగురు. దాలినాయుడు, భార్య పైడమ్మ, తమ్ముళ్ళు గవర్నాయుడు, పోలినాయుడు. నలుగురికీ ఒకటే పట్టుదల. ఎవరే మాట అంటే ఆ మాటే చెయ్యాలి, దానికి అటూ ఇటూ పోకూడదు. ఒకసారి పైడమ్మ పొయ్యి మీద పాలు పెట్టి, "పొంగుతాయేమో చూస్తుండు" అని గవర్నాయుడికి చెప్పి నీళ్ళకెళ్ళింది. పాలు పొంగడం, పొయ్యిలో పడడం, గిన్నె మాడడం అన్నీ అతను కన్నార్పకుండా చూసి, ఆమె తిరిగొచ్చాక పూసగుచ్చినట్టు చెప్పాడు. పైడమ్మ మురిసిపోయింది. చెప్పిన పని అంత శ్రద్ధగా చేసే మరిది ఎంతమందికుంటాడు?

అలాంటి ఇంట్లో పోలినాయుడికి ఒక సంబంధం వచ్చింది. పట్నం శివార్లలో ఉండే సింహాద్రినాయుడనే లెక్కల మేష్టారి కూతురు. పేరు హేమలత. కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. కుర్రాడు నెమ్మదస్తుడు, పొలం ఉంది, ఇంటిల్లిపాదీ తెలివైనవాళ్ళే అని మధ్యవర్తి చెప్పాడు. మేష్టారు నమ్మాడు.

దాలినాయుడికి కాళ్ళు నేల మీద నిలవలేదు. తల్లి పోయాక పోలినాయుణ్ణి చంకనేసుకుని పెంచింది తనే. ఇప్పుడు వాడి తలలో తెల్ల వెంట్రుకలు కనబడుతున్నాయి. వచ్చిన ప్రతి సంబంధమూ వాడు నోరు తెరవగానే వెనక్కి పోయింది. వాడు ఒంటరిగా ముసలాడైపోతాడేమోనని దాలినాయుడికి లోపల్లోపల దిగులు. "ఈసారి నువ్వు నోరు తెరవకు, నేను మాట్లాడతాను" అన్నాడు తమ్ముడితో. తమ్ముడు సరే అనడానిక్కూడా నోరు తెరవలేదు.

పెళ్ళిచూపుల్లో హేమలత కాఫీలిచ్చి ఎదురుగా కూచుంది. "మీ ఇంట్లో అందరూ తెలివైనవాళ్ళట. ఒక చిన్న లెక్క అడగొచ్చాండీ?" అంది.

దాలినాయుడు మీసం దువ్వి, "అడుగమ్మా" అన్నాడు.

"సూర్యుడికీ భూమికీ మధ్య దూరాన్ని ఒక ఖగోళ ప్రమాణం అంటారు."

"ప్రమాణాలెందుకమ్మా. నువ్వు ఊరికే చెప్పినా నమ్ముతాం."

"ప్రమాణమంటే ఒట్టు కాదండీ. కొలత."

"కొలతకి ఒట్టెందుకు మరి? మా ఊళ్ళో ఒట్టెయ్యకుండానే కొలుస్తారు."

హేమలత తండ్రి వైపు చూసింది. తండ్రి పైకప్పు వైపు చూశాడు.

"సరే. సూర్యుడు మనకి ఒక ప్రమాణం దూరం, అంతే" అంది ఆమె.

"ఒక్కటేనా? మాకు సంతకే మూడు మైళ్ళు. అంత దగ్గర్లో ఉన్నాడు కాబట్టే ఈ ఎండలు" అన్నాడు దాలినాయుడు. పైడమ్మ చెంగుతో మొహం తుడుచుకుని, "నేనెప్పుడూ అనుకుంటూనే ఉంటాను" అంది.

"పరమాణువని కంటికి ఆననంత చిన్నది ఒకటుంటుంది. దాని లోపలి దూరాలు కొలిచేది పరమాణు ప్రమాణం. ఆ పెద్ద ప్రమాణాన్ని ఈ చిన్న ప్రమాణాల్లోకి మార్చాలి. ముందు దూరాన్ని మీటర్లలోకి మార్చుకోండి, ఆ తర్వాత భాగహారమే. ఆదివారంలోగా చేసి చూపిస్తే పెళ్ళి మాట ఆలోచిద్దాం."

ఆమె గొంతులో వెటకారం ఆ గదిలో కుర్చీలక్కూడా అర్థమై ఉంటుంది. దాలినాయుడికి మాత్రం పెళ్ళి అన్న ముక్కొక్కటే వినబడింది.

ఇంటికి రాగానే గవర్నాయుడు గోడ మీది కరెంటు మీటరు చూపించి, "మీటరు మనింట్లోనే ఉంది, ఇంక వెతుక్కోవక్కర్లేదు" అన్నాడు. అందులోకి దూరాన్ని ఎక్కించడం ఎలా అన్నదే చిక్కు. దాలినాయుడు చాలాసేపు ఆలోచించాడు.

"సూర్యుడి వైపు కొస మనకందదు. భూమి వైపు కొస మన కాళ్ళ కిందే ఉంది. ఇటునుంచి మొదలెడదాం" అన్నాడు.

అంతే. పోలినాయుడు పెరట్లోంచి దోసిళ్ళతో మట్టి తెచ్చాడు. మీటరు మూత ఊడదీసి కర్రతో కూరారు. లోపల చిటపటమంది, నీలం మంట లేచింది, ఫ్యాను ఆగిపోయింది.

"నిండింది" అన్నాడు గవర్నాయుడు.

పైడమ్మకి అనుమానమొచ్చింది. "ఆ పిల్ల మీటరులోకి అనలేదయ్యా. మీటర్లలోకి అంది. ఒకటి చాలదు."

ఇంకేముంది. ఇరుగూ పొరుగూ పొలాలకి పోయిన వేళ చూసి, గోడ గోడకీ వెళ్ళి వీధిలో మీటర్లన్నిటికీ మట్టి మేపారు. మధ్యాహ్నానికి వీధి మొత్తం కరెంటు పోయింది. లైన్‌మన్ పరిగెత్తుకుంటూ వచ్చి, ఈ పని చేసిందెవరని కేకలేశాడు. దాలినాయుడు ముందుకొచ్చి, "మేమే బాబూ. పెద్దపని అయిపోయింది, ఇంక చిన్నదానిలోకి మార్చడమే మిగిలింది" అన్నాడు వినయంగా. లైన్‌మన్ అతన్ని ఎగాదిగా చూసి, నోటికొచ్చినట్టు తిట్టి, ఆ ఇంటికి తీగ కత్తిరించి పారేసి పోయాడు.

ఈ సంగతేమీ తెలియని మేష్టారు మర్నాడు పొలం చూసుకుందామని నేరేడువలసలో బస్సు దిగాడు. ఆయనకి పొలం మీద మనసుంది. కూతురిది మొండితనమనీ, తను కాస్త సాయపడితే ఈ సంబంధం నిలుస్తుందనీ ఆయన లెక్క. దాలినాయుణ్ణి పక్కకి పిలిచాడు.

"నాయుడుగారూ, జవాబు నేను చెబుతాను. నేను చెప్పానని మా అమ్మాయికి చెప్పకండి. ఇరవై ఎనిమిది పక్కన ఇరవై సున్నాలు వెయ్యండి. సుమారుగా అంతే."

"అంతేనా మేష్టారూ?"

"అంతే."

దాలినాయుడికి కళ్ళనీళ్ళు తిరిగాయి. సున్నాలు వెయ్యడం రాని కొంప కాదు తమది. ఏటా పండక్కి గోడలన్నిటికీ వేసుకునేది తామే. ఇంటికెళ్ళి చెబితే తమ్ముళ్ళు కూడా తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

"ఇరవై ఎనిమిదంటే ఏది?" అన్నాడు గవర్నాయుడు.

అప్పుడు పోలినాయుడు నోరు తెరిచాడు. "పట్నం బస్సు."

నిజమే. బస్సు నుదుటి మీద ఆ అంకె ఇంత లావున రాసి ఉంటుంది. ఇంట్లో ఇన్నాళ్ళూ ఎవరూ గుర్తించలేదు గానీ వీడు మాణిక్యమని దాలినాయుడు తమ్ముడి వీపు నిమిరాడు. అంతే. తొట్టిలో సున్నం కలిపి, బకెట్లకెత్తి, కుంచెలు పట్టుకుని నలుగురూ బయల్దేరారు. డ్రైవరూ కండక్టరూ పాక హోటల్లో భోజనం చేస్తున్నారు. బస్సు ఎండలో నిలబడి ఉంది.

"పక్కన అన్నారు. ముందూ వెనకా ముట్టుకోకండి" అని దాలినాయుడు హెచ్చరించాడు.

ఒక పూత వేశారు. ఆరాక ఇంకోటి. బస్సెక్కేవాళ్ళు ఇదేదో డిపో పనేననుకుని పట్టించుకోలేదు. ఏడో పూత ఆరేలోపు డ్రైవరొచ్చి, అటుపక్క నుంచే ఎక్కి బండి తీశాడు. బస్సు కదిలింది. దాలినాయుడు దాని వెంట పరుగందుకున్నాడు. ఇంకా పదమూడున్నాయి, తమ్ముడి పెళ్ళి కళ్ళముందే చక్రాల మీద వెళ్ళిపోతోంది.

"కుంచెతో అవదు, బకెట్లతో కానివ్వండి" అని అరిచాడు. ఇంకేముంది, ముగ్గురన్నదమ్ములూ బస్సు పక్కన పరిగెడుతూ బకెట్లకి బకెట్లు విసిరారు. వెనకాల పైడమ్మ చీర ఎగదోపుకుని, బిందెతో సున్నం అందిస్తూ, పూతలు లెక్కపెడుతూ పరిగెత్తింది. లోపల జనం గగ్గోలెత్తారు. డ్రైవరు గతుక్కుమని బ్రేకేశాడు. సరిగ్గా అప్పుడే ఇరవయ్యోది కూడా పడింది.

బస్సులోంచి ఒక మనిషి దిగాడు. తల నుంచి చెప్పుల దాకా తెల్లగా ఉన్నాడు. కళ్ళద్దాలుండబట్టి కళ్ళు దక్కాయి. పొలం చూసుకుని మధ్యాహ్నం బస్సెక్కి, కిటికీ పక్కన కునుకు తీస్తున్న మేష్టారే. ఆయన దగ్గుతుంటే దాలినాయుడు గొంతు బట్టి పోల్చుకున్నాడు.

"మేష్టారూ, మీరు చెప్పినట్టే. ఇరవై ఎనిమిది పక్కన ఇరవై. ఒక్కటీ తగ్గలేదు."

మేష్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకోబోయాడు. తుడుచుకోడానికి తెల్లగా లేని గుడ్డేదీ ఆయన ఒంటి మీద లేదు. "మీరెవరూ ఈ జన్మలో మా గడప తొక్కకండి" అని, అదే బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఇంటి దగ్గర పోలినాయుడు అన్నం ముట్టలేదు. దాలినాయుడు ఓదార్చాడు. "తొక్కొద్దన్నాడు గానీ రావొద్దనలేదురా. మాట సరిగ్గా విను."

ఆదివారం కొత్త బట్టలు కట్టుకుని నలుగురూ పట్నం వెళ్ళారు. మేష్టారింటి తలుపు బార్లా తీసి ఉంది. పసుపు రాసిన టేకు గడప.

"దాటి పోదామన్నయ్యా" అన్నాడు గవర్నాయుడు.

"దాటేటప్పుడు కాలు తగిలితే? పెద్దాయన మాట పోగొట్టినవాళ్ళమవుతాం" అన్నాడు దాలినాయుడు. అంతే. ఎదురుగా కొత్త ఇల్లు కడుతున్నవాళ్ళ దగ్గర గునపం అడిగి తెచ్చి, గడప పెకలించారు. దానితోపాటు ద్వారబంధం కదిలింది, ఇటుకలు రాలాయి, తలుపు రెక్క ఒకటి హాల్లోకి పడిపోయింది. ఆ దుమ్ములోంచి నలుగురూ నవ్వుమొహాలతో లోపలికొచ్చారు.

"ఏం చేస్తున్నారు మీరు?" అంది హేమలత.

"మీ నాన్నగారు చెప్పినట్టే, గడప తొక్కకుండా వస్తున్నామమ్మా."

హేమలత వాళ్ళని చూసింది, తండ్రిని చూసింది. ఆయన జుట్టులో ఇంకా సున్నం ఉంది. "నాన్నా, వీళ్ళతో ఇంకొక్క మాట కూడా అనకండి. ఏదంటే అది చేస్తారు" అంది.

మేష్టారు ఆగలేకపోయాడు. "ఆ గడప కూడా మీరే పట్టుకుపోండి" అన్నాడు. హేమలత తల పట్టుకుంది.

అన్నదమ్ములు గడపని భుజాన పెట్టుకుని ఊరేగింపులా ఇంటికొచ్చారు. ఇన్ని సంబంధాలు చూశాం, ఒట్టి చేతులతో పంపనివాళ్ళు వీళ్ళేనని పోలినాయుడు దారంతా పొంగిపోయాడు. కాబోయే వియ్యాలవారిచ్చిన వస్తువు పెరట్లో పడెయ్యడం మర్యాద కాదని, తమ పాత గడప పీకి పొయ్యిలోకి చీల్చేసి, దాన్ని తమ గుమ్మానికి బిగించారు. పైడమ్మ పసుపు రాసి, బొట్లు పెట్టి, వంటకి లోపలికెళ్ళబోయింది.

"ఆగు. అదెవరి గడప?" అన్నాడు దాలినాయుడు.

పైడమ్మ ఎత్తిన కాలు వెనక్కి తీసుకుంది. నలుగురూ గడపని చూశారు. పీకుదామంటే అది కానుక. తొక్కుదామంటే మాట. వాన మొదలైంది. గుమ్మంలోంచి పొడిగా ఉన్న మంచాలు కనబడుతున్నాయి. వాకిట్లో తడుస్తూ నిలబడ్డారు.

"మేష్టారొచ్చి తొక్కమంటే తొక్కొచ్చుగా" అన్నాడు పోలినాయుడు.

"ఆయనెలా వస్తాడురా? గడప మన దగ్గరుంటే ఆ ఇంట్లోంచి బయటికొచ్చే దారేది?" అన్నాడు దాలినాయుడు.

"పాపం, లోపలే ఉండిపోయుంటారు" అంది పైడమ్మ, చెంగు పిండుకుంటూ.