పది బంతులు

టీమ్ పేర్ల కాగితం గోడకు అంటించిన పొద్దున కుళ్లాయప్ప దాన్ని మూడుసార్లు చదివాడు. మూడుసార్లూ ఆఖరి పేరు ఓబులేసుదే.

ఆ ఆఖరి చోటు రన్నర్‌ది. బేస్‌బాల్‌లో అదో దొంగ పని. పిచ్చర్ బ్యాటు వైపు బంతి విసిరే క్షణంలో, మైదానంలో పరిచిన మొదటి బేస్ పలక మీదున్నవాడు కన్నుగప్పి రెండో బేస్‌కు ఉరకాలి. వెనకాల కూర్చున్న క్యాచర్ ఆ బంతి పట్టి రెండో బేస్‌కు విసురుతాడు. బంతి ముందొస్తే ఔటు, మనిషి ముందొస్తే బేస్ కొట్టేసినట్టు.

ఈ దొంగతనంలో మా అనంతపురం జిల్లా మొత్తం మీద కుళ్లాయప్పను మించినోడు లేడు. ముప్పై తొమ్మిదిసార్లు ఉరికితే ముప్పై ఎనిమిదిసార్లు బేస్ దక్కించుకున్నాడు. తోటివాళ్లలో ఎవరికీ నూటికి డెబ్బై ఐదు దాటలేదు. ఇక ఓబులేసు సంగతి చెప్పనే అక్కర్లేదు, యాభై రెండుసార్లు ఉరికి ఇరవై ఒక్కసారి దొరికిపోయిన ఘనుడు. అతని ప్యాంటు మోకాళ్ల దగ్గర కుట్టు పడని చోటు లేదు.

అలాంటివాడు జాతీయ పోటీలకు పోతాడట, కుళ్లాయప్ప ఇంట్లో కూర్చోవాలట. పైగా వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది, మళ్లీ అవకాశం రాదు.

నేరుగా కోచ్ దగ్గరికి పోయాడు. హుస్సేన్ పీరా సార్ మైదానం అంచున నిలబడి ఎడమ చేత్తో టీ తాగుతున్నాడు. ఆయన ఒకప్పుడు పెద్ద క్యాచర్. ఆయన విసిరితే బంతి కంటికి ఆనేది కాదని, రన్నర్లు రెండో బేస్ వైపు చూడ్డానికే జంకేవాళ్లని పెద్దోళ్లు చెబుతారు. ఇప్పుడు మాత్రం ఎవరికి బంతి ఇవ్వాలన్నా నేల మీద దొర్లించి ఇస్తాడు. గొప్పవాళ్ల తీరే అంత అనుకునేవాళ్లు అందరూ.

"సార్, నా లెక్క చూసినారా?"

"చూసినా."

"నేను దొరికింది ఒక్కసారే సార్. వాడు ఇరవై ఒక్కసారి."

"అదీ చూసినా."

"మరి నాకెందుకు ఇంత అన్యాయం చేసినారు?"

సార్ గ్లాసు కింద పెట్టి, గ్లవ్ తొడుక్కుని పోయి క్యాచర్ చోట కూర్చున్నాడు. ఓబులేసును పిలిచి బంతులు వెయ్యమన్నాడు. రెండో బేస్ దగ్గర ఇంకొకణ్ణి నిలబెట్టాడు.

"పది బంతులు అబ్బీ," అన్నాడు కుళ్లాయప్పతో. "ఎప్పుడు ఉరుకుతావో నీ ఇష్టం. రెండో బేస్ అందుకుంటే కాగితం మీద పేరు మార్చేస్తా."

ఓబులేసు ముఖం పాలిపోయింది. అయినా బంతి తీసుకున్నాడు.

మొదటి బంతికి కుళ్లాయప్ప రెండడుగులు వేసి వెనక్కి వచ్చేశాడు. మూడో బంతి మెల్లగా పోయింది. కాలు ఉరకబోయింది గానీ, సార్ చేతిని గురించి విన్నవన్నీ గుర్తొచ్చి ఆగిపోయాడు. ప్రతిసారీ సార్ బంతి పట్టి, నేల మీద దొర్లించి ఓబులేసుకు పంపుతున్నాడు. ఏడు పోయింది, ఎనిమిది పోయింది. తొమ్మిదో బంతిని సార్ జారవిడిచాడు కూడా. ఇదేదో ఎర అనుకున్నాడు కుళ్లాయప్ప. పదోదీ పోయింది.

"నేను ఔటు కాలేదు సార్," అన్నాడు. ఆ గొంతు అతనికే నచ్చలేదు.

సార్ లేచి, బంతి కుడి చేతిలోకి తీసుకుని రెండో బేస్ వైపు విసిరాడు.

చెయ్యి భుజం దాకా కూడా లేవలేదు. బంతి పది అడుగుల దూరంలో పడి, రెండు గెంతులు వేసి ఆగిపోయింది.

మూడేళ్లుగా ఆ దొర్లే బంతుల్ని కుళ్లాయప్ప చూస్తూనే ఉన్నాడు. ఒక్కనాడూ ఎందుకని అడగలేదు.

"భుజం విరిగి ఎనిమిదేండ్లాయె," అన్నాడు సార్, గ్లవ్ తీస్తూ.

"ఇంకొక్క బంతి వెయ్యమనండి సార్."

సార్ ఆ మాట విననట్టే స్కోరు పుస్తకం తెచ్చి అతని ముందు తెరిచాడు.

"ఇందులో నువ్వు ఉరికిన ముప్పై తొమ్మిదీ ఉండాయి. ఉరకకుండా ఆగిపోయినవి ఒక్కటీ లేవు. ఇప్పటి ఈ పదీ ఏ గడిలో రాయాల?"

కుళ్లాయప్ప కిందికి చూశాడు. ఒక కాలు ఇంకా మొదటి బేస్ మీదే ఉంది.